అంబేద్కర్ ప్రసంగం చదవడానికి కోటు, కళ్ళజోడు అక్కర్లేదు టీచర్ గారూ

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను పల్నాడు జిల్లాలో ఒక హైస్కూల్లో తెలుగు చెప్తాను. నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవానికి మా ఊరి గ్రంథాలయంలో సభ పెడుతున్నారు. 1949 నవంబరు 25న అంబేద్కర్ గారు రాజ్యాంగ సభలో చేసిన చివరి ప్రసంగాన్ని అందులో తెలుగులో చదవమని నాకు అప్పజెప్పారు. టైము 8 నిమిషాలు. పోయినేడు గ్రంథాలయ వారోత్సవాల్లో నేను ఒక కథ చదివితే సగం మంది ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు, అది ఇంకా మనసులో ఉండిపోయింది. నా గొంతు కూడా సన్నం. మా హెడ్మాస్టరు గారేమో నీలం కోటు, కళ్ళజోడు పెట్టుకుని, వెనకాల ఫ్లూట్ మ్యూజిక్ పెట్టి చదివితే అదిరిపోతుందంటున్నారు. కంఠతా పట్టాలా, చూసి చదవాలా? ఇంకోటి, మా తొమ్మిదో క్లాసు అమ్మాయి ఒకతి ఎలొక్యూషన్ పోటీకి మార్టిన్ లూథర్ కింగ్ ‘ఐ హావ్ ఎ డ్రీమ్’ ప్రసంగాన్ని యూట్యూబులో చూసి అచ్చం అలాగే దించేస్తోంది. అలా వదిలెయ్యచ్చా?

జవాబు: టీచర్ గారూ, నమస్తే. ముందు కోటు సంగతి తేల్చేద్దాం. వద్దు. హెడ్మాస్టరు గారిని నొప్పించకుండా ఎలా చెప్తారో మీ ఇష్టం, కానీ వద్దు. యూకేజీ పిల్లాడు నీలం కోటేసుకుని చేతిలో పుస్తకం పట్టుకుని స్టేజెక్కితే ముచ్చటగానే ఉంటుంది, ఫొటోలు తీసుకుంటాం, కానీ పెద్దవాళ్ళు అదే వేషంలో వచ్చి నిలబడితే జనం మొదటి రెండు నిమిషాలు కోటు ఎవరిదో, కళ్ళజోడు జారుతోందా లేదా అని చూస్తారు తప్ప మాట వినరు. మీకున్నదే 8 నిమిషాలు, అందులో రెండు కోటుకి పోతే ఎట్లా. ఫ్లూటు కూడా అంతే. ఆ ప్రసంగం ఏడుపు ప్రసంగం కాదు, అది వాదన. వాదన వెనకాల విషాద సంగీతం పెడితే వినేవాళ్ళు “ఓహో ఇది బాధపడాల్సిన చోటు కాబోలు” అనుకుని మొహాలు అలా పెట్టుకుని కూర్చుంటారు, ఆయనేం అడుగుతున్నాడో మాత్రం పట్టించుకోరు.

అసలు పెద్దవాళ్ళ గొంతుని అనుకరించడం మీద నాకు మొదట్నుంచీ గురి లేదు. చర్చిల్ 1940 జూన్ 4న బ్రిటిష్ పార్లమెంటులో చేసిన ప్రసంగం ఉంది చూడండి, బీచుల్లో పోరాడతాం, వీధుల్లో పోరాడతాం అని, దాన్ని మిమిక్రీ చేసేవాళ్ళు ఇప్పటికీ ప్రపంచమంతా ఉన్నారు. ఆ రోజు సభలో దాన్ని ఎవరూ రికార్డు చెయ్యలేదు. మనం వినే గొంతు ఆయన 1949లో, అంటే యుద్ధం అయిపోయి నాలుగేళ్ళు దాటాక, ఇంట్లో తీరిగ్గా కూర్చుని మళ్ళీ చదివి రికార్డు చేయించింది. అంటే వీళ్ళు అనుకరించేది ఆ రోజు సభని ఊపేసిన గొంతుని కానే కాదు! అంబేద్కర్ గారి విషయంలో మీకు ఆ బాధ అసలే లేదు, ఆయన మాట్లాడింది ఇంగ్లీషులో, మీరు చదివేది తెలుగులో. గొంతు పోలిక ఎవరు అడుగుతారు? ఆయన వాదన మీ నోటి నుంచి మీ ఊరివాళ్ళకి అర్థమయ్యేలా వెళ్ళాలి, మీ పని అదొక్కటే.

దానికి సగం పైగా పని కాగితం మీదే జరిగిపోతుంది, గొంతు దగ్గర కాదు. కాబట్టి కాగితం గురించే ఎక్కువ చెప్తాను, విసుక్కోకండి.

మొదటిది, అసలు పాఠం ఎక్కణ్ణుంచి తీసుకుంటున్నారు? వాట్సాప్‌లో అంబేద్కర్ పేరు మీద తిరిగే వాక్యాల్లో ఆయన అననివి బోలెడుంటాయి. రాజ్యాంగ సభ చర్చల పదకొండో సంపుటంలో నవంబరు 25 నాటి ప్రసంగం మొత్తం ఇంగ్లీషులో ఉంది, ఆయన రచనలు-ప్రసంగాల సంపుటాల్లో పదమూడో దాంట్లోనూ ఉంది. మీ చేతికి ఏ తెలుగు అనువాదం దొరికినా దాన్ని పక్కన ఇంగ్లీషు పెట్టుకుని ఒకసారి వాక్యం వాక్యం సరిచూసుకోండి. ఇంగ్లీషు టీచర్‌ని పక్కన కూర్చోబెట్టుకుంటే ఒక సాయంత్రం పని.

రెండోది, కత్తెర. ఆ ప్రసంగం మొత్తం చదవాలంటే అరగంటకి తక్కువ పట్టదు. తెలుగులో మాటలు పొడుగు కదా, సభలో అందరికీ అందేలా నిదానంగా చదివితే నిమిషానికి 80 నుంచి 100 మాటలకి మించి వెళ్ళవు, వెళ్తే మీరు పరిగెడుతున్నట్టే. అంటే 8 నిమిషాలకి 700 మాటలు అనుకోండి, మొదట్లో రెండు ముక్కల పరిచయానికీ, మధ్యలో ఆగుళ్ళకీ పోను. 700 మాటల్లో ప్రసంగం మొత్తం సారాంశం ఇరికిద్దామని మాత్రం అనుకోకండి, అలా చేస్తే అది అంబేద్కర్ ప్రసంగం కాదు, దాని మీద మీరు రాసిన నోట్సు అవుతుంది. రెండు మూడు చోట్లు ఎంచుకుని వాటిని ఆయన చెప్పినంతా చెప్పినట్టు చదవండి, “ఇందులోంచి కొన్ని భాగాలు” అని ముందే చెప్పెయ్యండి. మధ్యలో అతుకుల కోసం మీ సొంత వాక్యాలు కలపద్దు. ఒక భాగం అయ్యాక ఆగి, “తర్వాత ఇంకో చోట ఆయన ఇలా అన్నారు” అని మామూలు గొంతుతో చెప్పి మళ్ళీ ఎత్తుకుంటే చాలు.

ఏ భాగాలంటారా? నేనైతే ఇలా తీసుకుంటాను, మీకు వేరేగా అనిపిస్తే మీ ఇష్టం.

మొదలే ఆయన లెక్కలు చెప్తాడు. రాజ్యాంగ సభ మొదటిసారి కూర్చుని ఆ రోజుకి 2 ఏళ్ళ 11 నెలల 17 రోజులైందని, ఇన్ని సవరణలు వచ్చాయని, ఇన్ని చర్చకొచ్చాయని. ప్రతిపాదించినవి 7,635, సభ ముందుకొచ్చినవి 2,473. ఇవి పుస్తకంలో కళ్ళతో చూస్తే గొప్పగా ఉంటాయి. చెవికి? “ఏడు వేల ఆరు వందల ముప్ఫై అయిదు” అని మీరు పూర్తి చేసేలోపు మూడో వరసలో ఆయన ఆవులిస్తాడు, వెంటనే “రెండు వేల నాలుగు వందల డెబ్భై మూడు” అంటే ఇక మొదటిది కూడా మర్చిపోతాడు. సవరణల అంకెలు తీసెయ్యండి. “రెండేళ్ళ, పదకొండు నెలల, పదిహేడు రోజులు” మాత్రం ఉంచండి. అది నోటికి బాగా పలుకుతుంది, ఏళ్ళ నుంచి నెలలకి, నెలల నుంచి రోజులకి దిగుతుంటే ఎంత జాగ్రత్తగా లెక్కపెట్టుకున్నాడో వినేవాళ్ళకి తెలుస్తుంది.

తర్వాత నాకు చాలా ఇష్టమైన చోటు ఒకటుంది. షెడ్యూల్డు కులాల ప్రయోజనాలు కాపాడటం తప్ప వేరే పెద్ద ఆశేమీ లేకుండా ఈ సభకి వచ్చానని, తనని డ్రాఫ్టింగ్ కమిటీకి ఎన్నుకున్నప్పుడు ఆశ్చర్యపోయానని, కమిటీకి ఛైర్మన్‌ని చేసినప్పుడు ఇంకా ఎక్కువ ఆశ్చర్యపోయానని చెప్పుకుంటాడు. దీన్ని చాలామంది గంభీరంగా, గుండెలు బాదుకుంటున్నట్టు చదువుతారు. అక్కర్లేదండీ. ఇది మామూలుగా, కొంచెం చిరునవ్వు కూడా తెలిసేలా చదవాల్సిన చోటు. ఇక్కడ మీరు తేలిగ్గా చదివితేనే ఆ తర్వాత బరువైన మాట వచ్చినప్పుడు దానికి బరువుంటుంది. మొదటి వాక్యం నుంచే ఉరుములు మెరుపులు మొదలెడితే నాలుగో నిమిషానికి మీ దగ్గర ఇంకేం మిగలదు.

అక్కణ్ణుంచి వ్యక్తిపూజ గురించి చెప్పిన చోటికి వెళ్ళండి. మతంలో భక్తి మోక్షానికి దారి కావచ్చు, రాజకీయాల్లో మాత్రం భక్తి, వ్యక్తిపూజ పతనానికి, చివరికి నియంతృత్వానికి దారి తీస్తాయి అని. ఇక్కడ ఆయన జాన్ స్టువర్ట్ మిల్ అనే ఇంగ్లీషు తత్వవేత్తని, ఓకానెల్ అనే ఐరిష్ నాయకుణ్ణి ఉటంకిస్తాడు. ఆ పేర్లు మీ సభలో ఆగే చోట్లు అవుతాయి, తీసేస్తే నష్టం లేదు, కానీ పేరు తీసేసి వాళ్ళ వాక్యాన్ని మాత్రం ఉంచితే అది అంబేద్కర్ వాక్యం అయిపోతుంది, అది తప్పు. తీస్తే రెండూ కలిపి తియ్యండి.

ఇక్కడ ఒక చిన్న హెచ్చరిక, నవ్వుకోండి కానీ పనికొస్తుంది. మీ సభకి ముఖ్య అతిథిగా ఎమ్మెల్యే గారో, ఇంకో నాయకుడో వస్తాడు కదా. ఈ వాక్యం చదువుతున్నప్పుడు పొరపాటున కూడా స్టేజి వైపు చూడద్దు. మీరు చూసినా చూడకపోయినా జనం ఆయన మొహం చూస్తారు, అది వాళ్ళ ఇష్టం. మీరు మాత్రం మధ్య వరసల్లో ఎవరో ఒకర్ని చూస్తూ, గొంతులో ఎత్తిపొడుపు ఏమీ లేకుండా చదివెయ్యండి. ఎత్తిపొడిచినట్టు చదివితే అది ఈ రోజు రాజకీయం అవుతుంది, మామూలుగా చదివితే 1949లో చెప్పిన మాట ఇప్పుడు తగులుతుంది. తగలడం ఎక్కువ పని చేస్తుంది.

ఇక శిఖరం లాంటి చోటు, వైరుధ్యాల మాట. దీన్ని కొంచెం విడదీసి చూపిస్తా. పుస్తకాల్లో అనువాదాలు ఇలా ఉంటాయి: “1950 జనవరి 26వ తేదీన మనము వైరుధ్యములతో కూడిన జీవితమునందు ప్రవేశించబోవుచున్నాము. రాజకీయములందు సమానత్వమును, సాంఘిక ఆర్థిక జీవితములందు అసమానత్వమును కలిగియుండగలము.” కంటితో చదువుకోడానికి ఏదోలా ఉంటుంది కానీ నోట్లో పెట్టుకుంటే తిరగదు. నేనైతే కాగితం మీద ఇలా రాసుకుంటాను (మధ్యలో కొన్ని వాక్యాలు ఇక్కడ దాటేశాను, మీరు చదివేటప్పుడు వాటినీ ఇలాగే విరిచి పెట్టుకోండి):

1950 జనవరి 26న / మనం వైరుధ్యాల బతుకులోకి అడుగు పెట్టబోతున్నాం. //
రాజకీయాల్లో / మనకి సమానత్వం ఉంటుంది. //
సాంఘిక జీవితంలో, ఆర్థిక జీవితంలో / అసమానత్వం ఉంటుంది. //
ఎన్నాళ్ళు బతుకుదాం / ఈ వైరుధ్యాల బతుకు? //
ఎన్నాళ్ళు కాదంటూ పోదాం / మన సాంఘిక, ఆర్థిక జీవితంలో సమానత్వాన్ని? //

ఒక గీత అంటే ఊపిరి తీసుకోకుండా చిన్న ఆగుడు, రెండు గీతలంటే నిండుగా ఊపిరి తీసుకుని జనాన్ని చూసే టైము. ఒక్కో ముక్క ఒక్కో లైను, పేరాలు పేరాలుగా వద్దు. ఇది నేను కనిపెట్టిందేం కాదు. ఇంగ్లండు రాజు ఆరో జార్జికి నత్తి ఉండేది కదా, 1939 సెప్టెంబరు 3న యుద్ధం వచ్చిందని రేడియోలో దేశానికి చెప్పాల్సి వచ్చినప్పుడు ఆయనకి మాట సరిచేసే లయొనెల్ లోగ్ అనే ఆయన ఆ కాగితం మీద ఇలాగే ఎక్కడ ఆగాలో గీతలు గీసి ఇచ్చాడు. చర్చిల్ తన ప్రసంగాలని ముక్కలు ముక్కలుగా విరిచి, పద్యం లైన్లలా టైపు చేయించుకునేవాడు. అంత పెద్దవాళ్ళే కాగితాన్ని నమ్ముకున్నారు, మనకి సిగ్గెందుకు.

ఆ రెండు “ఎన్నాళ్ళు” దగ్గర మాత్రం జాగ్రత్త. అందరూ చేసేదేంటంటే మొదటి ఎన్నాళ్ళుని గట్టిగా అని, రెండోదాన్ని ఇంకా గట్టిగా అరుస్తారు, మైకు కీచుమంటుంది. మీరు మొదటిది గట్టిగానే అనండి, ఆగండి, నిజంగానే ఎవరైనా జవాబు చెప్తారేమో అన్నట్టు ఆగండి. రెండోది గొంతు తగ్గించి, నిదానంగా, మొదటి వరసలో వాళ్ళతో మాట్లాడుతున్నట్టు అడగండి. సన్నగొంతు అని బెంగ పడ్డారు కదా, ఇక్కడ సన్నగొంతే మీకు కలిసొస్తుంది. ఆ తర్వాత వచ్చే హెచ్చరిక, ఈ వైరుధ్యాన్ని వీలైనంత త్వరగా తొలగించకపోతే అసమానత్వంతో బాధపడేవాళ్ళు ఈ సభ ఇంత కష్టపడి కట్టిన రాజకీయ ప్రజాస్వామ్యాన్ని పేల్చేస్తారు అన్నది, దాన్ని బెదిరింపులా కాదు, లెక్క చెప్తున్నట్టు చదవాలి. అక్కడితో ఆపెయ్యచ్చు. తర్వాత సౌభ్రాతృత్వం గురించి మంచి మాటలున్నాయి కానీ 8 నిమిషాల్లో పట్టవు.

ఇప్పుడు తెలుగు చదివేవాళ్ళందరికీ ఉండే ఒక రోగం గురించి. మన భాషలో క్రియ చివర వస్తుంది, కాదు, లేదు, వద్దు అన్నీ చివరే వస్తాయి. మనం వాక్యం మొదట్లో ఊపిరి నిండా తీసుకుని గట్టిగా మొదలుపెట్టి, చివరికి వచ్చేసరికి ఊపిరి అయిపోయి ఆఖరి మాట మింగేస్తాం. “మన స్వేచ్ఛని ఎవరి కాళ్ళ దగ్గరా పెట్టకూ...” అని వినపడుతుంది, “పెట్టకూడదు” అన్నారో ఇంకేమన్నారో వెనక వరసకి తెలీదు. అసలు సంగతంతా ఆ ఆఖరి రెండు మూడు అక్షరాల్లోనే ఉంది! మీరు తెలుగు టీచర్, మీ క్లాసులో పిల్లల చేత పాఠం చదివించినప్పుడు గమనించి చూడండి, పదిమందిలో ఎనిమిది మంది ఇదే చేస్తారు.

దీనికి మందు ఒకటే. వాక్యం చివరి రెండు మాటలు కాగితం మీంచి ముందే కంటితో ఎత్తుకుని, తల పైకెత్తి, జనాన్ని చూస్తూ పలకండి. అంటే వాక్యం మధ్యలో కాగితం చూడండి, చివర్లో మనుషుల్ని చూడండి. చాలామంది దీనికి రివర్సు చేస్తారు, వాక్యం మొదట్లో తలెత్తి మొదలుపెట్టి, చివర్లో తర్వాత లైను వెతుక్కోడానికి తల దించేస్తారు, అందుకే క్రియ కాగితంలో పడిపోతుంది. మీరు కంఠతా పట్టాలా అని అడిగారు కదా, జవాబు ఇందులోనే ఉంది. మొత్తం పట్టద్దు. కంఠతా పట్టిన మనిషి కళ్ళల్లో తర్వాత మాట కోసం వెతుకులాట కనపడుతుంది, జనం మీ జ్ఞాపకశక్తిని పరీక్షిస్తూ కూర్చుంటారు. చదవడం అంటే చదవడమే, చేతిలో కాగితం ఉంటే అది ఆయన మాట, మీ మాట కాదు అని కూడా అందరికీ తెలుస్తుంది. మొదటి మూడు వాక్యాలు, ఆ ఎన్నాళ్ళు లైన్లు, ఆఖరి వాక్యం మాత్రం నోటికి రావాలి.

కాగితం అన్నాను కాబట్టి, ఫోన్లో చూసి చదవద్దు దయచేసి. సరిగ్గా నియంతృత్వం అనగానే లోన్ కావాలా అని ఫోనొస్తుంది. పెద్ద అక్షరాలతో, లైన్ల మధ్య బాగా ఖాళీ వదిలి, ఒక పక్కే ప్రింటు తీయించండి, వాక్యం మధ్యలో పేజీ మారకుండా చూసుకోండి, పేజీ నంబరు మూల మీద పెద్దగా రాసుకోండి. పిన్ను కొట్టద్దు. పిల్లల పరీక్ష అట్ట ఉంటుంది కదా క్లిప్పుతో, దానికి పెట్టుకోండి, స్టేజి మీద ఆ స్టాండు ఫ్యాను గాలికి కాగితాలు ఎగిరిపోవు, చేతులు వణికినా తెలీదు.

గొంతు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. సన్నగొంతు తప్పు కాదు, తొందర తప్పు. మైకు సెట్ అబ్బాయిని ముందే పట్టుకోండి, జనం రాకముందు మైకు మీ ఎత్తుకి దించమనండి, లేకపోతే మీ ముందు మాట్లాడిన ఆరడుగుల ఆయన ఎత్తులో ఉంటుంది, మీరు మునివేళ్ళ మీద నిలబడి చదవాలి. నోటికి జానెడు దూరం, కొంచెం పక్కకి, లేకపోతే ప, భ వచ్చినప్పుడల్లా బుస్సుమంటుంది, “భారత ప్రజలమైన” అంటే రెండు బాంబులు పేలినట్టే. ఊళ్ళో చెట్టుకి హారన్ స్పీకర్లు కడితే మీ మాట వెళ్ళి గోడకి తగిలి మళ్ళీ వస్తుంది, ఆ తిరిగొచ్చే మాట ఆగేదాకా ఆగి తర్వాతది మొదలెట్టండి, అప్పుడు ఆ ఎకో కూడా మీ వైపే ఉంటుంది. పల్నాడు యాస దాచుకోద్దు, టీవీ యాంకర్ల తెలుగు తెచ్చిపెట్టుకోద్దు. ఒత్తులు మాత్రం మీరు తెలుగు టీచర్ కాబట్టి ఎలాగూ వదిలిపెట్టరు, మరీ ఒత్తి ఒత్తి పలక్కుండా చూసుకోండి చాలు.

రిహార్సల్ అద్దం ముందు వద్దు. అద్దం ముందు మనం మన మొహం చూసుకుంటాం. ఇంట్లో ఈ ప్రసంగం గురించి ఏమీ తెలియని మనిషి ఎవరైనా ఉంటే, అత్తగారో, పక్కింటావిడో, చిక్కుడుకాయలు ఒలుచుకుంటూనో బియ్యం ఏరుకుంటూనో ఉన్నప్పుడు ఎదురుగా నిలబడి చదవండి. ఆవిడ చేతులు ఎక్కడ ఆగాయో అది పండిన చోటు, “ఏంటీ, మళ్ళీ చెప్పు” అన్న చోట మీ వాక్యం ఇంకా పుస్తకంలోనే ఉందన్నమాట, అక్కడ విరగ్గొట్టి మళ్ళీ రాసుకోండి. ఫోన్లో రికార్డు కూడా చేసుకోండి కానీ అప్పటికప్పుడు వినద్దు, మర్నాడు వినండి, అప్పుడు మీ గొంతు వేరేవాళ్ళ గొంతులా వినపడి తప్పులు తెలుస్తాయి.

పోయినేడు ఫోన్లు చూసుకున్నారన్నారు. మీరు ఏ టైముకి చదివారో రాయలేదు, నా అనుమానం నలుగురు వక్తలు అయ్యాక, బహుమతులకి ముందు చదివుంటారు. ఆ టైములో ఎవరు చదివినా అంతే, పిల్లలకి బహుమతి మీద, పెద్దలకి టిఫిన్ మీద ధ్యాస. ఈసారి నిర్వాహకుల్ని ముందే అడగండి, జ్యోతి ప్రజ్వలన అవ్వగానే, ఉపన్యాసాలకి ముందు మీది పెట్టమనండి, ఆ తర్వాత మాట్లాడేవాళ్ళకి కూడా మాట్లాడ్డానికి ఏదో ఒకటి దొరుకుతుంది. పరిచయం నాలుగు వాక్యాలు చాలు. అంబేద్కర్ 1891లో ఎక్కడ పుట్టారో, ఏమేం చదివారో ఏకరువు పెట్టద్దు, అది తర్వాత వక్త ఎలాగూ చెప్తాడు. “రేపు రాజ్యాంగానికి ఆమోదం పడుతుందనగా ముందు రోజు. అధ్యక్ష స్థానంలో రాజేంద్ర ప్రసాద్. ఆ సభలో మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి, ఎన్.జి. రంగా గారు కూడా సభ్యులు. అందరూ పొగుడుతుంటే, పొగడ్తలు అందుకున్న మనిషి లేచి ఏమన్నాడో వినండి.” అంతే, ఇక మొదలెట్టెయ్యండి. మనవాళ్ళ పేర్లు రెండు వినపడగానే ముసలాయన ఎవరో ఒకాయన తలెత్తుతాడు చూడండి, గుంటూరు వైపు రంగా గారి పేరుకి అది తప్పదు.

ఇక మీ తొమ్మిదో క్లాసు అమ్మాయి. యూట్యూబులో చూసి దించడం మొదటి వారం మంచిదే, చెవికి ఇంగ్లీషు పడుతుంది. తర్వాత ఆపించండి. కింగ్ చర్చి పాస్టరు, నల్లవాళ్ళ చర్చిల్లో పాస్టరు ఒక మాట అంటే జనం వెంటనే అవునయ్యా, చెప్పవయ్యా అని జవాబిస్తారు, ఆయన ఆగుళ్ళన్నీ ఆ జవాబుల కోసం వదిలినవి. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో లింకన్ మెమోరియల్ ముందు రెండున్నర లక్షల మంది ఆ ఖాళీలని నింపారు. మన పిల్ల అదే ఆగుడు మీ జిల్లా పోటీలో ఆగితే ముగ్గురు జడ్జీలు పెన్నులు పట్టుకుని చూస్తుంటారు, అంతే. పైగా ఆ కల గురించిన భాగం ఆ రోజు ఆయన రాసుకొచ్చిన కాగితంలో లేదు. అంతకుముందు వేరే సభల్లో వాడిన మాటే. మహాలియా జాక్సన్ అనే గాయని వెనక నుంచి “ఆ కల గురించి చెప్పు మార్టిన్” అని కేకేసింది, ఆయన కాగితం వదిలేసి అందుకున్నాడు. అప్పటికప్పుడు జనాన్ని చూసి పుట్టిన ఊపుని బట్టీ పట్టి దించితే ఏం వస్తుంది?

ఆ అమ్మాయికి మొదట్లో ఉన్న చెక్కు భాగం ఇవ్వండి. అమెరికా తన నల్లజాతి పౌరులకి ఒక చెక్కు ఇచ్చింది, అకౌంట్లో డబ్బుల్లేవని అది తిరిగొచ్చింది అంటాడు. చెక్కు బౌన్సు అవ్వడం అంటే ఏంటో పల్నాడులో మిరపకాయలు అమ్ముకున్న ఇంటి పిల్లకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు, అర్థమైతే గొంతు దానంతటదే వస్తుంది. ప్రసంగంలో ముందుకెళ్తే జార్జియా, మిసిసిపి, అలబామా అని అమెరికా రాష్ట్రాల పేర్లు వస్తాయి, అట్లాసు తీసి ఒక్కోటి ఎక్కడుందో వేలు పెట్టి చూపించమనండి, అప్పట్లో అక్కడ ఏం జరిగేదో రెండు ముక్కలు చెప్పండి. అప్పుడు ఆ పేర్లు మూడూ ఒకే రాగంలో పలకడం మానేస్తుంది. మరీ పొడుగవుతోందంటే లింకన్ గెటిస్‌బర్గ్ ప్రసంగం ఉంది, 1863 నవంబరు 19న చేసింది, రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఆయనకంటే ముందు ఎడ్వర్డ్ ఎవరెట్ అనే పెద్ద వక్త రెండు గంటలు మాట్లాడాడు. ఈ సంగతి మీ సభ నిర్వాహకులకి కూడా ఎవరైనా చెప్తే బావుండు.

ఆ మాట మీదే ఆఖరిది. మీకు 8 నిమిషాలన్నారు, నమ్మకండి. ముఖ్య అతిథి గంట ఆలస్యంగా వస్తాడు, మీరు రెండో పేజీలో ఉండగా వేదిక మీంచి “త్వరగా ముగించండి” అని చీటీ వస్తుంది. చాలామంది ఆ చీటీ చూసి కంగారుపడి మిగతాదంతా రైలు బండిలా చదివేస్తారు. మీరు ముందే ఎర్ర పెన్నుతో నాలుగు నిమిషాల దారి కూడా గీసిపెట్టుకోండి. రెండేళ్ళ పదకొండు నెలల లైను చదివి, ఆశ్చర్యపోయిన ముక్క, వ్యక్తిపూజ రెండూ వదిలేసి, నేరుగా వైరుధ్యాల పేజీకి వెళ్ళేలా. చీటీ వస్తే దాన్ని చదివి, పరీక్ష అట్ట కింద పెట్టి, పేజీ తిప్పి, అదే నిదానంతో ఆ భాగం మాత్రం పూర్తిగా చదవండి. రెండు ఎన్నాళ్ళుల మధ్య ఆగుడు మాత్రం ఎవరు చీటీ పంపినా తగ్గించద్దు.